తాతకు అరువు కళ్లు

జూన్ 28, శనివారం

పొద్దున లేచేసరికి తాతకు గడ్డం మొలిచింది.

బతికున్నన్నాళ్లూ రోజూ నున్నగా గీసుకున్న మనిషి. చనిపోయిన తొమ్మిదేళ్లకు, అదీ అద్దం వెనక, పటంలో. ముందు గది గోడకు వారం నుంచి చెమ్మ ఎక్కుతోంది. పైవాళ్ల బాత్రూం పైపు అని డాడీ అంటారు, వాన అని పైవాళ్లు అంటారు. తప్పు ఎవరిదైనా బూజు తాతకు పట్టింది. గదవ కింద మొదలై చెవిదాకా వెళ్లింది. ఆకుపచ్చ, మధ్యలో నలుపు, అంచుల్లో తెలుపు. రంగులుగా చూస్తే ఎంత బాగుందో. ఆ మాట పైకి అన్నాను. అనకుండా ఉండాల్సింది.

నానమ్మ కుర్చీ లాక్కొని పటం కింద కూర్చుంది. "మీ తాతకు గడ్డమా! పాస్టరు గారికే లేదు."

డాడీ పటాన్ని ఫోన్‌తో ఫొటో తీసి ఏదో యాప్‌కిచ్చారు. అది గడ్డం తీసేసి, తాతను ముప్పై ఏళ్లవాణ్ణి చేసి, నవ్వించి పంపింది.

"ఎవర్రా ఈ పోరడు?" అంది నానమ్మ.

"నాయినే అమ్మా. యాప్ క్లీన్ చేసింది."

"క్లీన్ చేసుడు కాదు, మనిషినే మార్చింది. ఆ పండ్లు చూడు. ఒక్క నోట్ల అన్ని పండ్లు పడ్తయా?"

అప్పుడు నేను, మార్చి నుంచి డిజిటల్ పెయింటింగ్ నేర్చుకుంటున్న నేను, ఇంతవరకు వేసిన ముఖాలన్నిటికీ ఒకే ముక్కు పెట్టిన నేను, "తాతను నేను వేస్తా" అన్నాను.

జూలై 20, ఆదివారం తాత జ్ఞాపకార్థ కూడిక. సంఘమంతా మా ఇంటికి వస్తుంది. ఆ రోజుకు గోడ మీద తాత ఉండాలి. లేకపోతే మేకు ఉంటుంది.

జూన్ 29, ఆదివారం

నానమ్మ చర్చిలో లేచి సాక్ష్యం చెప్పింది. "నా మనవరాలు హదస్సా వాళ్ల తాతను కంప్యూటర్ల గీస్తున్నది. పని మంచిగ ముగించినందుకు దేవునికి స్తోత్రం."

మొదలే పెట్టని పనికి స్తోత్రం చెల్లించేసింది. అందరూ ఆమెన్ అన్నారు. ఆమెన్ అన్నదాన్ని వెనక్కి తీసుకునే పద్ధతి మా సంఘంలో లేదు.

జూలై 1, మంగళవారం

మొదలుపెట్టాను. నా ఫ్రెండ్ రజిత వాళ్ల అన్న వాడి వదిలేసిన పెన్ టాబ్లెట్ ఇది. గీసేది బల్ల మీది నల్ల పలక మీద, బొమ్మ కనబడేది ఎదురుగా లాప్‌టాప్‌లో. చెయ్యి ఒకచోట, కన్ను ఒకచోట. బస్సులో వెనక సీట్లో కూర్చొని స్టీరింగ్ తిప్పినట్టు ఉంటుంది. మార్చి అంతా అలా గుద్దుకుంటూనే గడిచింది.

ఇవాళ కనుకొలకు అన్న మాట దొరికింది. నాలుగుసార్లు పైకి చదివాను. ఇన్నాళ్లూ 'కంటి చివర' అని బతికినందుకు సిగ్గేసింది. వెలుగునీడలు కూడా మంచి మాట. పగవాళ్లిద్దరు ఒకే సీట్లో సర్దుకొని కూర్చున్నట్టు ఉంటుంది.

బూజు పట్టక ముందు తీసిన పటం ఫొటో డాడీ ఫోన్‌లో దొరికింది. దాన్ని చూసి వేస్తున్నాను. నల్లకోటు, ఎర్ర టై. అవి తాతవి కావు, స్టూడియోవి. తాతకు కోటే లేదు, పోయాక పటంలో తొడిగారు. బోయిగూడలో పోయిన మగవాళ్లందరికీ అదే కోటు, అదే టై. పరలోకంలో వాళ్లందరూ కలిస్తే పెళ్లి బ్యాండు అనుకుంటారు.

జూలై 3, గురువారం

వేసింది ఇంట్లో చూపించాను.

మమ్మీ: "దేవుడు నీకు మంచి తలాంతు ఇచ్చాడు బిడ్డా."

డాడీ: "సూపర్." (ఫోన్‌లోంచి తల ఎత్తకుండా.)

నానమ్మ: "పూర్తి కానియ్. పూర్తి కాందే చూడొద్దు."

మా ఇంట్లో, మా చర్చిలో ఎవరూ ఏదీ బాగాలేదని చెప్పరు. శ్రుతి తప్పి పాడినా స్తోత్రమే. అందుకే నేర్చుకునేవాళ్లు బొమ్మలు పెట్టి అభిప్రాయాలు అడిగే ఆన్‌లైన్ గుంపు ఒకటి ఉంటే అందులో పెట్టాను. అక్కడ గుడ్లగూబ పేరుతో ఒకరు ఉన్నారు. ఏ దేశమో, ఆడో మగో తెలియదు. ఇంగ్లీషులో రాసిన అభిప్రాయాన్ని, నొప్పి తగ్గుతుందేమోనని, తెలుగులోకి మార్చుకున్నాను:

"జుట్టు హెల్మెట్‌లా ఉంది. మెడ తలను మోయడం లేదు. చెవిని నూనెలో వేయించారా?"

తెలుగులో ఇంకా ఎక్కువ నొప్పిగా ఉంది. అయినా నాకేం బాధ లేదు. నేర్చుకునేవాళ్లకు బాధ ఉండకూడదు.

జూలై 4, శుక్రవారం

నాకేం బాధ లేదు. చెవి మళ్లీ వేశాను.

జూలై 6, ఆదివారం

జుట్టు, మెడ, చెవి అన్నీ మళ్లీ వేసి గుంపులో పెట్టాను. గుడ్లగూబ: "చెవి బతికింది. ఇప్పుడు కళ్లు. ముఖానికి వెలుగు ఎడమవైపు నుంచి వస్తోంది. కళ్లలో మెరుపుచుక్కలేమో కుడివైపు ఉన్నాయి. ఈయన ఒకేసారి రెండు గదుల్లో ఉన్నాడా?"

నాకు కోపం వచ్చింది. ఫొటోలో ఎలా ఉందో అలాగే వేశానని రాశాను.

"అయితే ఫొటోయే అబద్ధం. ఈ కళ్లు ఎవరివి?"

ఆయన మా తాత అనీ, ఇప్పుడు లేరనీ రాశాను. వెంటనే జవాబు వచ్చింది. "మీ దుఃఖంలో పాలు పంచుకుంటున్నాను. కళ్లు మాత్రం ఆయనవి కావు."

ఫొటోను పెద్దది చేసి చూశాను. ఇంకా పెద్దది చేశాను. కనుబొమ్మల కింద సన్నని గీత ఒకటి, రెండు కళ్ల చుట్టూ కళ్లజోడులా తిరిగింది. లోపలి చర్మం ఒక రంగు, బయటిది ఒక రంగు. ఇన్నేళ్లు చూసిన పటం. ఒక్కరోజు కూడా చూడలేదన్నమాట.

జూలై 8, మంగళవారం

కాలేజీ నుంచి సరాసరి బోయిగూడ వెళ్లాను. ఆ పటం చేసిన హరికిషన్ గారి స్టూడియో ఇంకా ఉంది. ఇప్పుడు పాస్‌పోర్టు ఫొటోలు, జిరాక్సు, పక్కన ఫోన్ కవర్లు.

"యేసుదాసు సారా? రైల్వే ఆఫీసు? యాదికున్నడు. మీ డాడీ ఓ కవరు నిండ ఫొటోలు తెచ్చిండు. అన్నిట్ల కండ్లు మూసుకునే ఉన్నడు సారు. చర్చిల ప్రార్థన, ఇంట్ల ప్రార్థన, బర్త్‌డే కేక్ ముందట సుత ప్రార్థన. పటానికి మూసిన కండ్లేందని నేనే తెరిపిచ్చిన."

"ఎవరి కళ్లతో?"

"మా బామ్మర్దివి. పేరు పర్వతాలు. అప్పుడు గిక్కడ్నే కూసొని చాయ్ తాగుతుండె. అరే పర్వతాలూ, జెర గిటు చూడుర అన్న. చూసిండు. ఒక్క ఫొటో కొట్టిన, అయిపాయె." కొంచెం గర్వంగా ముందుకు వంగారు. "కండ్లంటే వానివి బిడ్డా. చల్లగుంటయ్. ఇంకా మస్తు మందికి పెట్టిన. ఇన్నేండ్లల్ల ఎవ్వలు కనిపెట్టలే. నువ్వెట్ల పట్టినవ్?"

గుడ్లగూబ చెప్పింది అని చెప్పలేకపోయాను.

"పర్వతాలు గారు ఇప్పుడు..."

"ఆయనకేమైతది? మల్కాజ్‌గిరిల టిఫిన్ సెంటర్ పెట్టిండు. దోశ మంచిగేస్తడు."

అంటే ప్రతి పరీక్షకు ముందు నేను ధైర్యం కోసం చూసి వెళ్లింది పర్వతాలు గారి కళ్లలోకి. పాసైన ఘనత ఎవరికి చెందాలో ఇప్పుడు తేల్చుకోవాలి.

జూలై 9, బుధవారం

ఇంట్లో చెప్పలేదు. చెప్పను. నానమ్మ తట్టుకోలేదు. ముసలి ప్రాణం.

తాత అసలు కళ్లు సంపాదించి, ఎవరికీ తెలియకుండా ముఖంలో పెట్టేస్తాను. అంతే.

జూలై 10, గురువారం

తాత కళ్లు ఎక్కడా లేవు.

పెళ్లి ఫొటోలో కాళ్లు చూసుకుంటున్నాడు. ఓటరు కార్డులో ఉన్నది మనిషి కాదు, పొగ. ఆధార్ కార్డు జిరాక్సులో కళ్ల చోట రెండు మసి మరకలు. తాత కనుపాపలు ప్రభుత్వం దగ్గర భద్రంగా ఉన్నాయి, మా దగ్గర లేవు.

ఊరికే అడిగినట్టు డాడీని అడిగాను, తాత కళ్లు ఎవరికి వచ్చాయని.

"మీ ప్రిసిల్లా అత్తకే. నాయిన చూస్తే చేతుల గ్లాసు కింద పడేది. ఇప్పుడది చూసినా పడ్తది."

జూలై 12, శనివారం

మల్కాజ్‌గిరిలో ప్రిసిల్లా అత్త ఇల్లు. వెలుగు ఎడమ నుంచి పడేలా కిటికీ పక్కన కూర్చోబెట్టాను.

"నవ్వొద్దు అత్తా."

"నేనెప్పుడు నవ్విన్నే?"

నిజమే. కానీ ఆ చూపు రావడం లేదు. కోపం వచ్చేది ఏదైనా గుర్తు తెచ్చుకో అన్నాను.

"గుర్తు తెచ్చుకునుడెందుకు? మీ మామ తడి టవల్ మళ్ల మంచం మీదనే ఏసిండు. గదిగో."

వచ్చింది. పై రెప్ప కొంచెం కిందికి, కనుకొలకు కొంచెం బిగుసుకొని, కనుపాప కదలకుండా. నా చేతిలోంచి ఫోన్ జారబోయింది. వరసగా ఫొటోలు తీసుకున్నాను. తీసినంతసేపూ నేనేదో తప్పు చేసినట్టే అనిపించింది.

ఎందుకు ఇదంతా అని అత్త నిలదీసింది. ఆ కళ్ల ముందు అబద్ధం చెప్పడం నా వల్ల కాలేదు. చెప్పేశాను.

"పర్వతాలా? టిఫిన్ సెంటర్ పర్వతాలా? ఆదివారం ఆదివారం ఆయన దగ్గరనే గదనే దోశలు తెచ్చుకునేది!" అని తల పట్టుకుంది. తర్వాత నెమ్మదిగా, "గందుకేనేమో, ఆ పటం చూస్తే నాకెన్నడు భయం కాలే. మా నాయిన పటం చూస్తే జెర భయం కావాలె గద. నువ్వు సరిగ్గ వెయ్యి. మా నాయిన మా నాయిన లెక్కనే ఉండాలె."

నానమ్మకు చెప్పొద్దని ఆమే నాతో ఒట్టు వేయించుకుంది.

జూలై 13, ఆదివారం

వీధిలో బోనాల డప్పులు. చర్చి నుంచి రాగానే కూర్చున్నాను, కదల్లేదు. రెప్ప అంటే గీత కాదు, నీడ. కంటి తెలుపు తెలుపు కాదు, ఒకరకం బూడిద రంగు. ఈ రెండూ వీడియోల్లో వందసార్లు విన్నాను, చేతికి ఇవాళ తెలిశాయి. అద్దం మీద అద్దం పేర్చినట్టు బొమ్మను లేయర్లుగా వేయొచ్చు. పర్వతాలు గారి కళ్లున్న లేయర్‌ను మాయం చేసి, దాని పైన కొత్త లేయర్ మీద ఈ కళ్లు వేశాను.

గుంపులో పెట్టాను. గుడ్లగూబ: "ఇప్పుడు ఈయన నన్ను చూస్తున్నాడు. నాకు ఇష్టంగా లేదు."

పొగడ్తలతో నాకు పని లేదు. ఇది రాస్తూ ఇంకోసారి చదువుకున్నాను.

జూలై 15, మంగళవారం

నానమ్మకు చూపించాను.

కళ్లజోడు తుడుచుకొని పెట్టుకుంది. లాప్‌టాప్‌కు దగ్గరగా వంగింది. వెనక్కి జరిగింది. చీర కుచ్చెళ్లు సర్దుకుంది. ఎందుకు సర్దుకుందో ఆమెకే తెలియనట్టుంది.

"మీ తాతనే" అంది.

నాకు గాల్లో తేలినట్టయింది.

"తీసెయ్" అంది.

"బాగా రాలేదా?"

"అచ్చం అట్లనే వచ్చిండు. గందుకే తీసెయ్ అంటున్న."

"మరి పాత పటంలో కళ్లు..."

"హరికిషన్ బామ్మర్దివి. నాకు తెల్వదా? ఇన్నేండ్లు కాపురం చేసిన మనిషి కండ్లు నేను గుర్తుపట్టనా? పటం ఇంటికి తెచ్చిన నాడే చూసిన. వాపస్ పంపియ్యాల్నని మీ డాడీని పిలువబోయిన. అంతల గోడకు తగిలిచ్చిండు. చూస్తే మంచిగ చూస్తుండె నన్ను. చాయ్ తాగినవా కాంతమణీ అని అడిగేటట్టు." చెంగుతో లాప్‌టాప్ అంచు మీది దుమ్ము తుడిచింది. "మీ తాత చెడ్డోడు కాదే. కని ఎవ్వలను చూసినా లెక్కల తప్పు వెతికినట్టే చూసెటోడు. నన్ను సుత. గోడకు పాత కండ్లే పెట్టు బిడ్డా."

తట్టుకోలేదని నేను దాచిన సంగతి ఆమె తొమ్మిదేళ్లుగా ఒంటరిగా దాచుకొని కూర్చుంది.

జూలై 16, బుధవారం

డాడీకి తెలిసిపోయింది. గోడకు పాత కళ్లేనని నానమ్మ అత్తకు ఫోన్‌లో చెప్తుంటే, స్పీకర్ మీద.

"ప్రార్థనకొచ్చినోళ్లు టిఫిన్ సెంటరాయనను చూసి కళ్లు తుడుచుకోవాల్నా అమ్మా?" అంది అత్త.

"ఇన్నేండ్లు తుడుచుకోలేదా? అప్పుడేమన్న తక్లీఫ్ అయ్యిందా?"

"మా నాయిన ముఖం మాకు కావాలె."

"నువ్వు అద్దంల చూసుకో. ఉన్నడు."

డాడీ మధ్యలో దూరి, "రెండూ వద్దు, కళ్లు మూయిద్దాం. నాయిన ఎట్లనూ ప్రార్థనలనే ఉండె గద" అన్నారు. తల్లీ కూతుళ్లు మొదటిసారి ఒక్కటై ఆయన మీద పడ్డారు.

నన్నెవరూ అడగలేదు. అడిగితే ఏం చెప్పేదాన్నో. పోలిక కోసం ఇంత కష్టపడ్డాను. పోలిక కుదిరింది కాబట్టే వద్దంటున్నారు. కానీ రోజూ ఆ గోడ కింద కూర్చొని చాయ్ తాగేది నేను కాదు, అత్త కూడా కాదు.

జూలై 17, గురువారం

పర్వతాలు గారి కళ్లు వేశాను. మెరుపుచుక్కల్ని ఎడమకు జరిపాను, చర్మం రంగు కలిపాను. ఇప్పుడు అవి తాత ముఖంలోనే పుట్టినట్టు ఉన్నాయి. నేను ఇప్పటిదాకా వేసినవాటిలో ఇదే బాగా వచ్చింది. నాకు చాలా కోపంగా ఉంది.

ప్రింటుకు ఇచ్చాను. గుంపులో పెట్టలేదు.

జూలై 18, శుక్రవారం

పొద్దున కాలేజీకి వెళ్తుంటే నానమ్మ పిలిచింది. "ఆ కోపం తాతను తీసేసే ముందట ఒక్కసారి చూపియ్యి." లాప్‌టాప్ తన గదిలో మంచం మీద తెరిచి పెట్టి, తెర ఆరిపోకుండా చేసి వెళ్లాను.

మధ్యాహ్నం వచ్చేసరికి గదిలోంచి మాటలు. ఎవరో వచ్చారనుకున్నాను. తలుపు దగ్గరే ఆగాను.

"ఏందట్ల చూస్తున్నవ్? పప్పుల ఉప్పు ఎక్కువైందా? ఎక్కువైతే ఎక్కువైంది. తిను."

గ్లాసు బల్ల మీద పెట్టిన చప్పుడు.

"ప్రిసిల్లా పెండ్లి నాడు అందరి ముందట నన్ను ఊకో అన్నవ్. ఊకున్న. ఇప్పుడు నువ్వు ఊకో. నేను చెప్తున్న."

నానమ్మ ముప్పై ఏళ్లు నాలుగో తరగతికి పాఠాలు చెప్పింది. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. ఇల్లు మారిన సంగతి, నగలు కుదువపెట్టిన సంగతి, తన ట్రాన్స్‌ఫర్ వద్దనిపించిన సంగతి. ఒక్కొక్కటే బోర్డు మీద రాసి కొట్టేసినట్టు చెప్పింది. మధ్యలో నవ్వింది కూడా. "ఆ రోజు రైలు తప్పింది నీ వల్లనే. ఇప్పటికన్న ఒప్పుకో."

తలుపు కిర్రుమంది.

"దొంగ లెక్క నిలబడకు, లోపలికి రా." ముఖం తుడుచుకుంది, సిగ్గుపడలేదు.

"తీసెయ్యమన్నావు కదా?"

"గోడకు వద్దన్న. ఇది నా రూంల ఉండనియ్."

"కానీ నువ్వే అన్నావు, పాత కళ్లు మంచిగా చూస్తాయని."

"మంచిగనే చూస్తయ్. తొమ్మిదేండ్ల సంది ఆ కండ్లతోని ఒక్క మాట అనబుద్ధి కాలే." చెంగు భుజం మీదికి వేసుకుంది. "బయటి మనిషితోని ఏం కొట్లాడుతం బిడ్డా?"

జూలై 20, ఆదివారం

కూడిక అయ్యింది. గోడ మీద కోటు, టై, పర్వతాలు గారి కళ్లు.

పాస్టరు గారు పటం వైపు చెయ్యి చాపి, "యేసుదాసు గారి కళ్లలో ఆ కరుణ చూడండి" అన్నారు. అందరూ చూశారు. ఆమెన్ అన్నారు. డాడీకి దగ్గు వచ్చింది. అత్త చాయ్ కప్పులోకి చూస్తూ కూర్చుంది, పెదవులు కొరుక్కుంటూ. బాగా వేశావని ఎంతోమంది నా తల నిమిరారు. ఒక్కరు కూడా చెవి గురించి ఏమీ అనలేదు.

అందరూ వెళ్లాక అత్త, డాడీ నానమ్మ గదిలోకి వెళ్లారు. అక్కడ చిన్న బల్ల మీద, నిన్న ప్రింటు తీయించిన రెండో తాత ఉన్నాడు. నేను వెనకే వెళ్లాను. డాడీ జేబుల్లోంచి చేతులు తీసేశారు. అత్త జారిన కొంగు సరిచేసుకుంది. ఇద్దరూ హోంవర్క్ చేయని పిల్లల్లా నిలబడ్డారు, చాలాసేపు.

"గీ చూపేరా" అంది అత్త చివరికి. అంటూ ఏడ్చింది. అత్త ఏడవగలదని నాకు ఇవాళే తెలిసింది.

వాళ్లు వెళ్లిపోయాక నానమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఒకటి చెప్త. ఏమనుకోకు."

ఇన్ని నెలల్లో మా ఇంట్లో ఎవరూ నా బొమ్మ గురించి ఆ మాటతో మొదలుపెట్టలేదు. పెన్ను తెచ్చుకున్నాను.

"ఎడమ కనుబొమ్మ తప్పున్నది. మరీ పడుకున్నది. నేను మాట్లాడుతుంటే పేపరు చదువుతున్నట్టే ఉండెటోడు. కని గా కనుబొమ్మ జెర లేచేది. ఇంటలేడనుకునేదాన్ని. అది లేచిందంటే ఇంటున్నట్టు."

"ఎంత లేచేది?"

వేలి చివర చూపించింది. కాదని కొంచెం తగ్గించింది. మళ్లీ పెంచింది. తెలుస్తలేదు, చూస్తే చెప్తా అంది.

రేపు పొద్దున ఆమె చాయ్ అయిన వెంటనే ఇద్దరం లాప్‌టాప్ ముందు కూర్చుంటాం. ఆమె ఏదో ఒకటి మాట్లాడుతూ ఉంటుంది, నేను కొంచెం కొంచెంగా కనుబొమ్మ ఎత్తుతాను, ఆగు అనేదాకా.